పండుగల్లేని ఇంట్లో దయ్యాల కేకు

దీపావళి మర్నాడు పొద్దున్నే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "31న మా క్లబ్‌హౌస్‌లో హాలోవీన్ పార్టీ. పెద్దాచిన్నా కలిపి పాతికమంది. రెండు చీజ్‌కేకులు కావాలి. పైన పండ్ల సాస్‌తో రక్తం కారినట్టు, సాలెగూడు అల్లినట్టు చేస్తారా? చూస్తే భయం వేయాలి, తింటే బాగుండాలి."

చదివి నవ్వాను. తర్వాత ఫోన్ బోర్లా పెట్టేశాను. ముందురోజు రాత్రి మా వీధి మొత్తంలో ప్రమిదలు పెట్టని ఇల్లు మాదొక్కటే.

నాన్న జులైలో పోయాడు. మా దగ్గర ఇంట్లో మనిషి పోతే సంవత్సరీకం అయ్యేదాకా పండుగ చేసుకోరు. ఈ ఏడు బోనం ఎత్తలేదు, బతుకమ్మ పేర్చలేదు, దసరాకి జమ్మి ఇంటికి తేలేదు. వాకిట్లో నానమ్మ రోజూ వేసే నాలుగు గీతల ముగ్గు తప్ప పండుగ ముగ్గు పడలేదు. ఇవన్నీ ఎలాగోలా గడిచిపోయాయి. గడవనిది నా పని.

నేను తుర్కయంజాల్‌లో మా ఇంట్లోనే, 28 లీటర్ల ఓటీజీలో కేకులు చేసి అమ్ముతాను. ఏడాది పొడుగునా పుట్టినరోజుల ఆర్డర్లు ఉంటాయి కానీ, మైదా, వెన్న, ప్యాకింగ్ డబ్బాల ఖర్చు పోగా చేతిలో నాలుగు డబ్బులు మిగిలేది దసరా, దీపావళి గిఫ్ట్ బాక్సులతోనే. ఈసారి ఒక్క బాక్సు కూడా పోలేదు. "సావు జరిగిన ఇంట్ల చేసిన తీపి పండక్కి ఎవలు తింటరు బిడ్డా?" అంది నానమ్మ. నేను వాదించలేదు. వాదించి గెలిచినా, తినేవాళ్ళ మనసులో ఆ మాట ఉంటే నేనేం చేయగలను? పోయినేడు ఇచ్చిన ఇద్దరు ఈసారి ఏవో కారణాలు చెప్పి వద్దన్నారు కూడా. నాన్న జీతం ఆగిపోయిన ఇంట్లో ఆ నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఆ మెసేజ్ దగ్గరే నా బుర్ర తిరుగుతూ ఉంది. హాలోవీన్ పండుగేనా? మన లెక్కలోకి వస్తుందా?

మధ్యాహ్నం నానమ్మ ముందు పెట్టాను.

"గిదేం పండుగ?"

"మన పండుగ కాదు నానమ్మా. అమెరికా వాళ్ళది. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుగుతారు."

"ఎవలి దయ్యాలు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. రీల్స్‌లో చూసిన దయ్యాలకి పేరూ ఊరూ ఉండవు కదా. నానమ్మకి మాత్రం దయ్యం అంటే ఎవరో ఒకరు పోతేనే అయ్యేది. కొంచెం సేపు చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చుని, తల ఎత్తకుండానే అంది: "ఏడాది దాంక మనిషి ఇంటి సుట్టే తిరుగుతడంటరు. నువ్వు దయ్యాల బొమ్మలు జేసి నవ్వుతుంటే వాడేమనుకుంటడే?"

సెప్టెంబర్ 21న పెత్రమాస అయింది. పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చే రోజు. తాత పేరు మీద ఇచ్చాం. నాన్న పేరు మీద ఇవ్వలేదు. ఏడాది తిరిగితేగానీ పెద్దల్లో కలవడని మా ఇంటి పద్ధతి. అంటే నాన్న ఇప్పుడు మాలోనూ లేడు, వాళ్ళలోనూ లేడు. ఆ మాట ఆ రోజే నాకు గుచ్చుకుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి హాలోవీన్ గురించి కూర్చుని చదివాను. ఆర్డర్ కోసమే అనుకోండి. ఐర్లండ్, స్కాట్లండ్ వైపు పాతకాలంలో పంట కోతలు అయిపోయి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అని ఒక పండుగ ఉండేది. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మేవాళ్ళు. తర్వాత చర్చి వాళ్ళు నవంబర్ 1న పునీతులందరినీ, 2న చనిపోయిన ఆత్మలన్నిటినీ తలుచుకునే రోజులు పెట్టారు. మన దగ్గర కేథలిక్కులు ఆ రెండో తేదీనే సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఐర్లండ్‌లో ముందు టర్నిప్ దుంపలనే భయంకరమైన మొహాల్లా చెక్కేవాళ్ళట. అమెరికా వలస పోయాక అక్కడ గుమ్మడికాయ పెద్దగా, మెత్తగా దొరికింది, దానికి మారారు. (మనమేం తక్కువా? అమావాస్య వస్తే కుంకుమ నింపిన గుమ్మడికాయ పగలగొట్టని షాపు సాగర్ రోడ్డు మీద ఎన్ని ఉంటాయి? మర్నాడు ఆ ముక్కల మీద బండి జారి పడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను.)

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇంకొకటి. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో 'సోల్ కేక్' అని చిన్న గుండ్రటి కేకులు చేసేవాళ్ళు. పేదవాళ్ళు, పిల్లలు గడపగడపకీ వస్తే ఇచ్చేవాళ్ళు. తీసుకున్నవాళ్ళు ఆ ఇంట్లో పోయినవాళ్ళ ఆత్మ కోసం ప్రార్థన చేసేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు సంచీ పట్టుకుని చాక్లెట్లకి తిరిగే ఆట వెనక ఇది కూడా ఉంది.

పొద్దున్నే నానమ్మకి చెప్పాను. విని, చేట పక్కన పెట్టి, "అంటే మన పెత్రమాసకు బియ్యం ఇచ్చుడే గదనే" అంది. కాసేపాగి, "జెయ్ మరి" అంది.

ఒప్పుకున్న తర్వాత కూడా ఒక పని మిగిలింది. ఆర్డర్ ఇచ్చినావిడ ఆదిబట్లలో ఉద్యోగం చేస్తారు. కొన్నేళ్ళు డాలస్‌లో ఉండి వచ్చారు. ఆమెకి చెప్పకుండా చేయడం నాకు నచ్చలేదు. "మా నాన్నగారు పోయి నాలుగు నెలలు కాలేదండి. మీకేమైనా పట్టింపు ఉంటే చెప్పండి, ఏమీ అనుకోను" అని పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. టైప్ చేస్తున్నట్టు చూపించింది, ఆగింది, మళ్ళీ చూపించింది. చివరికి వచ్చింది: "పట్టింపు ఏం లేదు. నాన్నగారికి ఏమైందమ్మా?" ఇన్ని నెలల్లో కస్టమర్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కరే.

ఇక రక్తం సంగతి. ఎర్ర రంగు డబ్బా తెచ్చి కలిపేస్తే రెండు నిమిషాల పని. కానీ ఆమె పండు అని స్పష్టంగా అడిగింది, పైగా తినేది పిల్లలు. అక్టోబర్‌లో మనకి ఎర్రగా దొరికేవి దానిమ్మ, ఎర్ర గుజ్జు డ్రాగన్ ఫ్రూట్. రెండోది చూడటానికి అచ్చం హత్య జరిగినట్టే ఉంటుంది కాబట్టి దానితో చిన్న కప్పుల్లో ట్రయల్ వేశాను. పచ్చిగా ఉన్నప్పుడు గులాబీ రంగు మెరిసిపోయింది. ఓవెన్‌లోంచి తీసేసరికి తుప్పు పట్టిన మేకులా గోధుమ రంగుకి తిరిగింది. డ్రాగన్ ఫ్రూట్‌లో, బీట్‌రూట్‌లో ఉండేది ఒకే జాతి రంగు. దానికి వేడి పడదు. దానిమ్మ రసం మరిగించి చూశాను. రంగు బాగానే ఉంది గానీ చిక్కబడేసరికి రెండు కాయల రసం మూడు స్పూన్లయింది. కాయల రేటు తలుచుకుంటే భయం వేసింది. అదే అసలు హాలోవీన్.

నాకు కావాల్సిన పండు ఏదో నాకు తెలుసు. తెలిసే చుట్టూ తిరుగుతున్నాను.

నేరేడు. దాని రంగు ఆంథోసయనిన్లది. బ్లూబెర్రీలో ఉండేది కూడా అదే కుటుంబం. నిమ్మరసం పడితే ఎర్రగా తేలుతుంది, పొయ్యి మీద మరిగినా, ఓవెన్‌లో ఉన్నా చాలావరకు నిలబడుతుంది. ఎండు రక్తానికి దగ్గరగా అంతకంటే మంచి రంగు లేదు. కానీ నేరేడు జూన్‌లో వచ్చి జులైలో పోతుంది. నాన్నలాగే అని రాయబోయి ఆగాను. రాసేశాను లెండి.

అక్టోబర్‌లో మాకు దొరికే నేరేడు ఒక్కటే ఉంది. మా ఫ్రిజ్ పై అరలో, మంచు పట్టిన ప్యాకెట్. దాని మీద మార్కర్‌తో నాన్న రాత: "నేరేడు. 12 జూన్. 480 గ్రా."

నాన్న పండ్ల మార్కెట్‌లో ఒక కమిషన్ షాపులో గుమస్తా. ఇరవై ఏళ్ళకి పైగా కొత్తపేట మార్కెట్‌లో చేశాడు. చిన్నప్పుడు నాకు దిల్‌సుఖ్‌నగర్ అంటే సినిమా హాళ్ళు కావు, నాన్న చొక్కాకి పట్టిన మామిడి జీడి వాసన. తర్వాత ఆ మార్కెట్ బాటసింగారం వెళ్ళింది. పాత చోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అప్పటిదాకా 277 బస్సెక్కి పోయేవాడు, బండి కొనుక్కుని ఔటర్ సర్వీస్ రోడ్డు మీదుగా తెల్లవారకముందే పోవడం మొదలుపెట్టాడు. రైతులకి తక్‌పట్టీలు రాసి రాసి ఇంట్లో ఏది రాసినా అదే తీరు. సరుకు, తేదీ, తూకం. అర కిలో అని రాయడు, 480 అనే రాస్తాడు. నేరేడు తెచ్చి, గింజలు తనే పిసికి తీసి, చేతులు నీలం చేసుకుని, "కేకులకు పనికొస్తది, ఉంచుకో" అని ఇచ్చాడు. నెల తిరగకుండా పోయాడు.

నా చీజ్‌కేక్ మాత్రం ఆయనకి ఎప్పుడూ నచ్చలేదు. పైనున్న పండు వరకు స్పూన్‌తో గీకి తినేసి, తెల్లది నా వైపు నెట్టేవాడు. "పెరుగన్నంల చక్కెర ఏసినట్టుంది" అనేవాడు. 1,900 రూపాయల కేకుని అంత మాట అనే ధైర్యం ఇంకెవరికీ లేదు.

ఆ ప్యాకెట్ తీయాలా వద్దా అని మూడు రోజులు ఫ్రిజ్ తెరిచాను, మూశాను. రాత ఉన్న ప్లాస్టిక్ దాచుకుని లోపలిది వాడొచ్చు కదా అని తమ్ముడు అన్నాడు. వాడికి అలా తేలిగ్గానే ఉంటుంది. ఎన్నాళ్ళు దాచగలను? కరెంటు ఒక పూట ఎక్కువ పోతే పాడైపోయేదాన్ని జ్ఞాపకం అని ఎంతకాలం ఉంచుతాం? ఇలా రెండు వైపులా అనుకుంటూనే పడుకున్నాను. 29వ తేదీ పొద్దున లేచేసరికి ప్యాకెట్ ఒక గిన్నెలో, నీళ్ళలో మునిగి కరుగుతూ ఉంది. అమ్మ పెట్టింది. నన్ను చూసి, "ఆయన ఇచ్చింది కేకులకే కదా" అని పాల గిన్నె కడుక్కుంటూ ఉండిపోయింది.

ఆ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ముందురోజు రాత్రి మొంథా తుఫాను ఆంధ్రా తీరం దాటింది, తెల్లారి నుంచి మన దగ్గర వాన. మాసబ్ చెరువు వైపు నుంచి చల్లగాలి కొడుతూ ఉంటే వంటింట్లో నేరేడు మరిగించాను. చేయాలనుకునేవాళ్ళకి లెక్క చెప్తాను. గుజ్జుకి 100 గ్రాముల చక్కెర, అర చెక్క నిమ్మరసం, చివర్లో స్పూన్ కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి. స్పూన్ వెనక వేలితో గీత గీస్తే ఆ గీత మళ్ళీ కలవకూడదు. ఇక్కడ తొందరపడితే డిజైన్ పోయినట్టే. సాస్ పల్చగా ఉంటే చీజ్‌లోకి మునిగిపోతుంది, మరీ ముద్దయితే పుల్లతో లాగినప్పుడు తెగుతుంది. చల్లారాకే వాడాలి.

అడుగున చాక్లెట్ బిస్కెట్లు 200 గ్రాములు పొడి చేసి, 80 గ్రాముల కరిగిన వెన్న కలిపి, ఎనిమిది అంగుళాల టిన్‌లో గిన్నె అడుగుతో నొక్కాను. నల్లగా స్మశానం మట్టిలా ఉండాలనే చాక్లెట్ బిస్కెట్. క్రీమ్ చీజ్ 600 గ్రాములు, చక్కెర 150, గుడ్లు మూడు, ఫ్రెష్ క్రీమ్ 150 మిల్లీలీటర్లు, ఒకటిన్నర స్పూన్ కార్న్‌ఫ్లోర్, కొంచెం వెనిలా. సెప్టెంబర్ 22 నుంచి చీజ్, వెన్న మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగినా క్రీమ్ చీజ్ ఇంకా మన జేబుకి బరువే. సగానికి బట్టలో కట్టి వేలాడదీసిన పెరుగు వాడొచ్చు, కాస్త పుల్లగా వస్తుంది, నాకైతే నచ్చుతుంది. ఆర్డర్‌కి మాత్రం ఆ ప్రయోగం చేయను. చీజ్, గుడ్లు అన్నీ గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి, చల్లటి చీజ్ గడ్డలు కడుతుంది. గుడ్లు వేశాక బీటర్ ఎక్కువ తిప్పొద్దు. లోపల చేరిన గాలి ఓవెన్‌లో ఉబ్బి, తర్వాత కూలి, పైన పగులు తెస్తుంది.

సాస్‌ని కోన్‌లో వేసి మధ్య నుంచి చుట్లు చుట్లుగా పిండి, టూత్‌పిక్‌తో మధ్య నుంచి అంచుకి గీతలు లాగితే సాలెగూడు వస్తుంది. నాది వచ్చింది, కొంచెం తాగిన సాలీడు అల్లినట్టు. వేడినీళ్ళ ట్రేలో టిన్ పెట్టి, 160 డిగ్రీల మీద 55 నిమిషాలు అని టైమర్ తిప్పాను.

25వ నిమిషంలో కరెంటు పోయింది.

వాన శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. ఓటీజీ తలుపు తెరవకుండా దాని ముందు కింద కూర్చున్నాను. తెరిస్తే వేడి పోతుంది, అది తెలుసు. తెలిసినదాన్ని పాటిస్తూ కూర్చోవడం ఎంత కష్టమో. లోపల 950 రూపాయల సరుకు, ఇంకెప్పటికీ రాని సగం నేరేడు. నానమ్మ వచ్చి ఎమర్జెన్సీ లైట్ స్టూల్ మీద పెట్టి, పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఓ పావుగంటకి, "నీ నాయిన పుట్టిన నాడు గూడ గిట్లనే వాన" అంది. నాకు ఎప్పుడూ చెప్పని సంగతి. ఇంకా అడిగాను, చెప్పింది. అదంతా ఇక్కడ రాయను.

కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి వేడెక్కనిచ్చి, మధ్యలో మాత్రమే కొంచెం వణికేదాకా ఉంచి ఆపాను. తలుపు కొద్దిగా తెరిచి గంటసేపు లోపలే చల్లారనిచ్చాను. కేకు ఉడికింది. కానీ ఒక పక్క నుంచి మధ్యదాకా పెద్ద పగులు. మామూలు రోజైతే ఏడ్చేదాన్ని. అప్పుడు తట్టింది, ఇది దయ్యాల కేకు కదా! పగుల్లోకి మిగిలిన సాస్ స్పూన్‌తో నింపాను. అచ్చం గాయంలా తయారైంది. నేను కావాలని చేసినా అంత బాగా వచ్చేది కాదు.

రెండో కేకు 30న. కోన్‌తో చుట్లు తిప్పుతుంటే నానమ్మ వెనక నిలబడి చూస్తోంది. "నీకు గీత లాగస్తలేదు, ఇటియ్" అంది. పుల్ల అందుకుంది. మధ్య నుంచి అంచుకి ఒకటి, అంచు నుంచి మధ్యకి ఒకటి, మళ్ళీ మధ్య నుంచి అంచుకి. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అలా ఒకటి విడిచి ఒకటి ఎదురు లాగితే సాలెగూడు రాదు, రేకుల పువ్వు వస్తుంది. చెప్పాలనుకున్నాను. జులై నుంచి ఆ చెయ్యి పండుగ ముగ్గు పెట్టలేదు. నోరు మూసుకుని చూశాను. చివరి గీత లాగి, పుల్ల కొంగుకి తుడిచి, "గిది సాలెగూడేనా?" అని తనే నవ్వింది. జులై తర్వాత మా వంటింట్లో నవ్వు విన్నది అప్పుడే.

ఆర్డర్ ఇచ్చినావిడకి ఫొటో పంపి, "రెండోది పువ్వులా వచ్చిందండి, కావాలంటే పైన సాలీడు బొమ్మ పెడతాను" అన్నాను. "పెట్టండి. పువ్వు మీద సాలీడు ఇంకా భయం" అని జవాబు. తమ్ముడు చాక్లెట్ కరిగించి ఎనిమిది కాళ్ళ సాలీడు చేశాడు. నిజానికి ఏడు కాళ్ళే, ఒకటి విరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు నాన్న బండి మీద రెండు డబ్బాలూ తీసుకెళ్ళాడు. రాత్రి తొమ్మిదింటికి ఆమె ఫొటోలు పంపారు. మొహాలకి పౌడర్ పూసుకున్న పిల్లలు పదిమంది వరసగా నిలబడి నాలుకలు బయట పెట్టారు. అన్నీ నీలం. చిన్నప్పుడు నేను, తమ్ముడు, నాన్న అద్దం ముందు నిలబడి ఎవరి నాలుక ఎక్కువ నీలం అని పోటీ పడేవాళ్ళం. 3,800 వచ్చిన శబ్దం ఫోన్‌లో మోగింది, ఆ ఫొటో మీదే ఉండిపోయాను.

గిన్నె అడుగున మిగిలిన పిండితో, చివరి రెండు స్పూన్ల సాస్‌తో ముందురోజే ఒక చిన్న కప్పు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎవరికి అని అనుకోలేదు. శనివారం పొద్దున నానమ్మ దాన్ని తీసి, విస్తరాకు ముక్కలో బోర్లించి, మళ్ళీ తిప్పి పండు పైకి వచ్చేలా పెట్టి, పిట్టగోడ మీద ఉంచింది. నేను ఏమీ అడగలేదు. అమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

కాకి చాలాసేపు రాలేదు. వచ్చింది, చుట్టూ తిరిగింది, తల అటు ఇటు వంచింది. పైనున్న నేరేడు వరకు నాలుగు పోట్లు పొడిచి తినేసి, తెల్లది అలాగే వదిలి ఎగిరిపోయింది.

"పెరుగన్నమే అనుకున్నడు" అంది నానమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.